వేల్పుపెట్టెయు ప్రదర్శనశాలయు

భద్రాచలమునకు బోవు యాత్రికుడు గోదావరిలో స్నానమాడి, గుట్టనెక్కి, వైకుంఠరాముని సేవించి మరలిపోవును. ఆ యాత్రికునకు గనబడు మూర్తి నిత్యదర్శనీయము. కాని యా సీమయందే నిత్యదర్శనమునకు దొరకని వస్తువులు పెక్కులు గలవు. దేవాలయపు భాండాగారమున రామదాసు చేయించిన నగలు గలవు. అడవిలోని కోయపల్లెలలో వేల్పులయిండ్లయందు జుట్టిపెట్టిన పడిగెలు గలవు. ప్రభుత్వమువారి ప్రదర్శనశాలల యఱలలో సంఖ్యలు వ్రాసి భద్రపఱచిన వస్తువులు గలవు. ఈ మూడును దాచుచోటులే. మూడింటినుండియు వస్తువు లప్పుడప్పుడు వెలికి వచ్చుచుండును. అట్లు వెలికి వచ్చు వస్తువుతోగూడ మఱియేమి వచ్చుచున్నదను ప్రశ్నకు మూడు చోటులందును సమాధాన మొక్కటి కాదు. నగతో గీర్తన వచ్చును. పడిగెతో గాయకుడు వచ్చును. ప్రదర్శనశాలలోని వస్తువుతో నొక చిన్న చీటి మాత్రము వచ్చును. ఈ భేదమే యిచట విచారణీయము.

ఎల్లలు మాఱిన సీమ

ఈ విచారణకు ముందు సీమయొక్క ఎల్లల చరిత్ర కొంత తెలియవలెను. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాము ప్రభుత్వమునుండి యింగ్లీషువారికి సంక్రమించినవి. అవి మొదట మధ్యపరగణాలలోని యెగువ గోదావరి జిల్లాలో జేర్పబడి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్పబడినవి. ఎగువనున్న నూగూరు, ఆల్బాక, చెర్ల ప్రాంతములు 1909లో మధ్యపరగణాలను విడిచి మద్రాసు రాజధానిలో జేరినవి. 1925లో జిల్లా పేరు తూర్పుగోదావరి యైనది. నదికి దక్షిణపు గట్టున పాల్వంచ, బూర్గంపాడు, ఖమ్మము ప్రాంతములు నిజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలోనే యుండెను. 1953లో ఖమ్మము ప్రత్యేకమైన జిల్లా యైనది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరినుండి విడదీసి ఖమ్మము జిల్లాలో గలిపిరి. 2014లో రాష్ట్రవిభజనానంతరము కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, పట్టణము మినహా భద్రాచలము మండలమును ఆంధ్రప్రదేశమునకు బోయినవి. బూర్గంపాడు మండలమున గొన్ని గ్రామములు వానితో బోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది.

ఇది పరిపాలనకు సంబంధించిన విషయమేగదా, ప్రదర్శనశాలకు దీనితో నేమి పని యని యడుగవచ్చును. పని గలదు. ప్రదర్శనశాలలోని వస్తువునకు బ్రాణము దాని చీటి. ఆ చీటిమీద 'స్థలము' అను గడి యొకటి యుండును. శబరీతీరమున నొకే పల్లెలో ఒకే కుటుంబమువా రుపయోగించిన విల్లంబులను వేర్వేఱు కాలములందు సేకరించిరనుకొన్నచో, 1870లో సేకరించినదానికి మధ్యపరగణాలనియు, 1890లో సేకరించినదానికి గోదావరి జిల్లా యనియు, 1940లోని దానికి తూర్పుగోదావరి యనియు, 1970లోని దానికి ఖమ్మము జిల్లా యనియు, నేటి దానికి ఆంధ్రప్రదేశమనియు వ్రాయబడును. పల్లె కదలలేదు, విల్లు మాఱలేదు, చీటి మాత్రము ఐదు పేరులు చెప్పును. 1851లో స్థాపింపబడిన మద్రాసు మ్యూజియమును, 1930లో బ్రజలకు దెఱవబడిన హైదరాబాదు మ్యూజియమును ఈ సీమకు రెండువైపుల నుండినవి. నదికి ఉత్తరమున దొరకిన వస్తువున కొక రాజధానియు, దక్షిణమున దొరకినదానికి మఱియొక రాజధానియు గమ్యస్థానములగుట సహజము. కోయలకు నది యెల్ల కాదు. వారి వంశము లిరుగట్టుల నున్నవి. బస్తరు వఱకు వ్యాపించియున్నవి. కావున నిల్వయందలి వస్తువులను వెలికిదీసి పరిశీలించువాడు తొలుత నీ పేరుల చిక్కును విప్పుకొనవలెను.

నగలు, కీర్తన

మొదటి దాచుచోటు దేవాలయము. పాల్వంచ పరగణాకు దహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న గోలకొండ సుల్తానగు అబుల్ హసన్ కుతుబ్‌షా (1672–1687) కాలమున రాజధనముతో భద్రాచల దేవాలయమును గట్టించి, నగలు చేయించి, ఆ నేరమునకై గోలకొండలో జెఱనుండెను. అతడే రామదాసు. అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలు. ఈ కథ యెల్లరకును దెలిసినదే. ఐనను దీనియం దొక యంశము ప్రదర్శనశాలల దృష్టితో జూచినప్పుడు ముఖ్యముగా గానవచ్చును.

రామదాసు చెఱలోనుండి పాడినట్లు ప్రసిద్ధమైన 'ఇక్ష్వాకులతిలక' కీర్తనమున నగల జాబితా గలదు. భరతునకు బచ్చలపతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాలపతకము, సీతకు జింతాకుపతకము, రామునకు గలికితురాయి చేయించితినని భక్తుడు వరుసగా నేకరువు పెట్టును. వాని వ్యయమును గూడ సంఖ్యతో జెప్పును. సాహిత్యదృష్టితో నది నిందాస్తుతి. లెక్కలు వ్రాయువాని దృష్టితో నది వస్తుపట్టిక. వస్తువు పేరు, అది యెవరికి సమర్పింపబడినది, ఎంత పట్టినది, చేయించిన వాడెవడు, ఈ నాలుగును అందున్నవి. నేటి ప్రదర్శనశాలలు చేర్పుపుస్తకమున నింపుకొను గడులలో ముఖ్యమైనవి యివియే. దహసీలుదారుగా లెక్కలు వ్రాసిన చేయి భక్తుడైన పిదపను లెక్క మఱవలేదు. భాండాగారము తాళము వేసియుండినను, పట్టిక జనుల నోట నుండెను. అక్షరము రాని భజనపరుడు సయితము చింతాకుపతకము సీతమ్మదని చెప్పగలడు.

మఱియు నీ నగలు దాచుటకొఱకే దాచబడలేదు. శ్రీరామనవమినాడు కల్యాణవేళ పచ్చలపతకము, చింతాకుపతకము, రామమాడ భాండాగారమును వెడలి దేవతామూర్తుల మేనులపై జేరును. తంతు ముగిసిన పిదప మరల లోనికి బోవును. ఇట్లు వస్తువు భద్రముగను నుండును, దాని పనిని దాను చేయుచును నుండును. భద్రపఱచుట, వినియోగించుట అను రెండు ధర్మములకు నిచట విరోధము లేదు. ఈ యంశమును ముందునకు జ్ఞాపకముంచుకొనవలెను.

పడిగె

రెండవ దాచుచోటు కోయల వేల్పులయిల్లు. కోయలు తమ సంఘమును గట్టులుగా విభజించుకొనిరి. మూడవ గట్టు, నాల్గవ గట్టు, ఐదవ గట్టు, ఆఱవ గట్టు, ఏడవ గట్టు అని వానికి బేరులు. ఒక గట్టువా రన్యోన్యము సోదరభావము గలవారు. వారిలో వారికి వివాహసంబంధములు చెల్లవు. గట్టునందలి యింటిపేరులవారికి దమదమ వేల్పులు గలవు. ఆ వేల్పుయొక్క గుఱుతే పడిగె.

పడిగె సాధారణముగా మూడుమూలల ఎఱ్ఱని వస్త్రము. పతాకమువలె నొకకొన వెడల్పుగను, వేఱొకకొన సన్నముగను నుండును. దానిపై వేఱురంగుల గుడ్డముక్కలతో గాని వర్ణములతో గాని మూలపురుషుల బొమ్మలు, ఏనుగులు, పులులు, సూర్యచంద్రులు మొదలగునవి తీర్పబడియుండును. చూచువానికి నవి విడివిడి బొమ్మలు. తెలిసినవానికి నవి వంశచరిత్రమునందలి ఘట్టములు: మూలపురుషు డెట్లు పుట్టెను, ఏ యేఱు దాటెను, ఎవరితో బోరాడెను, ఏ స్థలమున వేల్పై నిలిచెను అను కథ యంతయు నా బొమ్మల వరుసయందు గలదు. ఆ వరుసను జదువగలవారు డోలీలు. డోలు వాయించుచు, కోయభాషయందు వంశగాథను బాడుట వారి వృత్తి. ఇలవేల్పుల కొలుపునందును, మరణానంతరకర్మలయందును వారు పిలువబడుదురు. పూజాదికములు వడ్డెలవి, కథనము డోలీలది.

కొలుపు లేని దినములలో బడిగె కంటబడదు. చుట్టబడి వేల్పు నింట దాచబడియుండును. కొలుపు వచ్చినప్పుడు వెలికి దీసి, ఏటికి గొనిపోయి నీళ్లాడించి, వెదురుగడకు గట్టి నిలుపుదురు. డోలు మ్రోగును, కథ నడచును, పిదప బడిగె మరల జుట్టబడును. చూచుటకు గల కాలము కొద్దిది; చూచుటకు దగినవారును గట్టునకు జెందినవారే ముఖ్యులు. అనగా నిది ప్రదర్శనమే కాని, యెల్లవేళల యెల్లరకు గాదు.

ఈ యారాచారములు గ్రంథస్థమగుట పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమునుండి యారంభమైనది. దుమ్ముగూడెమున నివసించిన క్రైస్తవబోధకుడు జాన్ కెయిన్ భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్యాసములు ప్రకటించెను. హెమింగ్‌వే కూర్చిన గోదావరి జిల్లా గెజెటీరు (1907) కోయల గట్టులను, వేల్పులను వర్ణించినది. మద్రాసు మ్యూజియమున కధిపతిగా నుండిన థర్‌స్టన్ తన యేడు సంపుటముల గ్రంథమున (1909) కోయలను గూర్చిన పూర్వుల వ్రాతలను సంగ్రహించెను. తరువాత ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గోదావరి కనుమలలోని కొండరెడ్లపై 1945లో గ్రంథము వెలువరించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు లండనునందలి ప్రాచ్యవిద్యాసంస్థలో భద్రపఱచబడియున్నవి. వీరందఱు ప్రశంసాపాత్రులే. ఐనను వీరి వ్రాతలలో వేల్పులను గూర్చిన వర్ణన ముండినంతగా డోలీ పాడిన పాఠము కానరాదు. గుడ్డ వర్ణింపబడినది, గాథ సంగ్రహింపబడినది, పాట మాత్రము పాడినవానియొద్దనే నిలిచినది.

మేడారమున నిదే ధర్మము మఱింత విశాలముగా గానవచ్చును. అచట విగ్రహము లేదు. రెండేండ్లకొకపరి మాఘమాసమున సమ్మక్కను చిలుకలగుట్టనుండియు, సారక్కను కన్నెపల్లినుండియు, పగిడిద్దరాజును పూనుగొండ్లనుండియు, గోవిందరాజును కొండాయినుండియు వడ్డెలు గద్దెలకు గొనివత్తురు. నాలుగవదినమున వేల్పులు వనప్రవేశము చేయును. లక్షలకొలది జనులు చూడవచ్చు నా యుత్సవమున సయితము దేవత మూలస్థానము రహస్యముగానే యుండును. అరుదుగా గనబడుటయే మహిమకు హేతువని యా సంప్రదాయముయొక్క భావము.

ప్రదర్శనశాల

మూడవ దాచుచోటు ప్రదర్శనశాల. భద్రాచలమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ యావరణమున గిరిజన ప్రదర్శనశాల యొకటి గలదు. అది 2025లో నూతనముగా దీర్చబడి సందర్శకులకు దెఱవబడినది. కోయలు, కొండరెడ్లు వాడిన వ్యవసాయపు బనిముట్లు, వేటసాధనములు, చేపలబుట్టలు, వాద్యములు, ఆభరణములు మొదలగునవి యిట్టి శాలలందు జూపబడును. హైదరాబాదునందును, మేడారమునందును గిరిజన ప్రదర్శనశాలలు గలవు. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ఆదిధ్వని సంస్థ ద్వారా వాద్యములను, పటములను సేకరించి 'ఆద్యకళ' అను పేర బ్రదర్శించుచు వచ్చిరి.

ప్రదర్శనశాల యనగా గనబడు గదులు మాత్రమే యని సామాన్యుల యభిప్రాయము. నిజమునకు గనబడునది కొంచెము, కనబడనిది బహుళము. లండనులోని బ్రిటిషు మ్యూజియమున సుమారు 80 లక్షల వస్తువులుండగా, ఒకవేళ జూపబడునవి 80,000 మాత్రమే. అనగా నూటి కొకటి. చిన్న శాలలందు నిష్పత్తి వేఱుగా నుండవచ్చును గాని ధర్మ మొక్కటే. స్థలము చాలకపోవుట యొక హేతువు. వస్తువు సున్నితమగుట రెండవది. రంగువేసిన వస్త్రమునకు వెలుతురు శత్రువు. వెలుతురుచేత బోయిన వన్నె మరల రాదు. కావున వస్త్రములపై 50 లక్సులకు మించిన వెలుతురు పడరాదనియు, కొన్ని నెలలు చూపి పిదప నఱలో విశ్రాంతి నీయవలెననియు నేటి ప్రదర్శనశాలల నియమము.

ఈ నియమమును జదివినవారికి బడిగెను చుట్టిపెట్టు కోయల యాచారము జ్ఞప్తికి రాకమానదు. శాస్త్రము చెప్పినదానినే యాచారము ముందుగా బాటించినదని తోచును. కాని తొందరపడి యట్లు నిర్ణయింపరాదు. మిట్టమధ్యాహ్నపు టెండ సుమారు 1,00,000 లక్సులు. 50 లక్సుల మందవెలుతురున దినమున కెనిమిది గంటలచొప్పున 250 దినము లుంచిన వస్త్రమునకు దగులు వెలుతురు ఒక్క గంట యెండలో దగులునదానితో సమానము. పడిగె కొలుపునాడు ఆరుబయట నెగురును, ఏటినీట దడియును. కావున గుడ్డ చెడకుండుటయే యాచారముయొక్క యుద్దేశమని చెప్పుట కవకాశము లేదు. చుట్టిపెట్టుట గౌరవముచేత, విప్పుట యవసరముచేత. ఈ రెంటికిని గుడ్డయొక్క యాయుర్దాయము ప్రమాణము కాదు.

మూలమేది? ప్రతి యేది?

ఇచటనే ప్రదర్శనశాలకును వేల్పులయింటికిని నడుమగల యసలు భేదము తేటపడును. పడిగె జీర్ణించినప్పుడు దానికి బ్రతిగా గ్రొత్తది సిద్ధపఱచుకొనుట వాడుక. క్రొత్తదానిపై బాతబొమ్మలే వరుస తప్పకుండ దీర్పబడును; డోలీ పాత గాథనే పాడును. అంత నా క్రొత్తగుడ్డయే వేల్పు. తాళపత్రముల నెఱిగిన పండితుల కిది వింతగాదు. తాటాకు చిల్లులు పడినపుడు లేఖకుడు క్రొత్తయాకులపై వ్రాసి పాతదానిని విడిచిపెట్టెను. గ్రంథము నశించెనని యెవ్వరు ననలేదు. గ్రంథ మనగా నాకులు గావు, అందలి పాఠము. అట్లే వంశమునకు గాథ మూలము, వస్త్రము దాని ప్రతి. ప్రదర్శనశాలకు వస్త్రము మూలము, గాథ దాని వ్యాఖ్య. ఒకచోట మూలమైనది రెండవచోట వ్యాఖ్య యగుచున్నది. వ్యాఖ్య వెంటరాకపోయినను మూలము నిలుచునని ప్రదర్శనశాల తలచును. కాని పడిగె విషయమున వెంటరానిదే మూలము.

అట్లని పాటయే ప్రమాణము, వస్తువు లెక్కకు రాదని చెప్పుటయు దగదు. ఇందుకు ఖమ్మమునకు సమీపమునగల నేలకొండపల్లి దృష్టాంతము. రామదాసు జన్మించిన యూరది. అచటి దిబ్బలను జనులు విరాటరాజు గద్దె యని వ్యవహరించుచు, పాండవుల యజ్ఞాతవాసకథను వానికి ముడిపెట్టిరి. పురావస్తుశాఖవారి త్రవ్వకములందు విరాటుని కొలువుకూటము బయటపడలేదు. మహాస్తూపమును, విహారముల పునాదులును, కంచు బుద్ధవిగ్రహమును, సున్నపురాతితో జెక్కిన చిన్న స్తూపమును, మట్టిబొమ్మలును బయటపడినవి. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దులనాటి బౌద్ధక్షేత్రముగా నది నిర్ణయింపబడినది. జనశ్రుతి మఱచిపోయినదానిని మన్ను జ్ఞాపకముంచుకొన్నది. కావున వస్తువు గాథను సవరింపగలదు. గాథ వస్తువునకు నోరీయగలదు. ఒకటి లేక రెండవది కుంటువడును. నేలకొండపల్లిలో గాథ యుండి వస్తువు లేనందున శతాబ్దులకొలది చరిత్ర మఱుగుపడెను. పడిగె విషయమున వస్తువుండి గాథ పోవు నపాయము నేడు సంభవించుచున్నది.

గాయకుడు లేని పడిగె

అపాయము ఊహామాత్రము కాదు. మణుగూరు మండలమందలి కూనవరమునకు జెందిన డోలీ గాయకుడు సకిని రామచంద్రయ్య కోయ వీరుల గాథలను, సమ్మక్క సారక్కల కథను కోయభాషయందును దెలుగునందును పాడి ప్రఖ్యాతి గాంచెను. 2022లో భారతప్రభుత్వ మాయనకు బద్మశ్రీ బిరుద మొసగినది. 2024లో ఆయన గతించెను. చదువు పుస్తకమునందుగాక కంఠమునందుండు వంశములలో నిట్టి వృద్ధుడొకడు పోవుట యొక గ్రంథాలయము మూతపడుటతో సమానము. డోలీ కుటుంబముల పిల్లలు బడులకు, కూలిపనులకు, ఉద్యోగములకు బోవుచున్నారు. వారిని నిందింప బనిలేదు. దీర్ఘమైన గాథను గంఠస్థము చేయుటకు వలయు నేండ్లు వారికి దొరకుట దుర్లభము. పోలవరము జలాశయముక్రింద బడిన గ్రామములు తరలింపబడునపుడు వేల్పులయిండ్లును గదలవలసి వచ్చుచున్నవి. పెట్టె మోసికొనిపోవచ్చును. గాథలో బేర్కొనబడిన యేఱు, గుట్ట, చెట్టు మోసికొనిపోవుట యెట్లు?

ఇట్టి సమయమున బడిగె ప్రదర్శనశాలకు జేరినయెడల నేమగును? చీటిపై 'వస్త్రపతాకము, కోయ, ఖమ్మము జిల్లా' అని వ్రాయబడిన దనుకొందురుగాక. ఏ గట్టువారిది? ఏ యింటిపేరువారిది? వేల్పు పేరేమి? బొమ్మల వరుస పైనుండి క్రిందికా, క్రిందినుండి పైకా? నడుమనున్న పురుషుడెవడు? ఏబదియేండ్ల పిదప నఱనుండి దానిని వెలికిదీసిన పండితుని కీ ప్రశ్నలలో నొక్కదానికిని సమాధానము దొరకదు. అపు డది యెఱ్ఱని గుడ్డ మాత్రమే.

ఇటువంటిదే వేఱొక వస్తువు కొమ్ముల కిరీటము. కోయల కొమ్మునృత్యమున నర్తకులు అడవిదున్న కొమ్ములు గట్టిన తలపాగలు ధరింతురు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నడవిదున్న వేట నిషిద్ధము. కావున బూర్వులనుండి వచ్చిన కొమ్ములే నేటికిని దిక్కు. గోడకు దగిలించిన కొమ్ములను జూచి సందర్శకు డచ్చెరువొందును. కాని డోలు దెబ్బకు దలలూపుచు నిద్దఱు నర్తకులు కొమ్ములు తాకించునప్పుడే వాని యర్థము పూర్తియగును.

అన్యదేశములందును నీ ప్రశ్న పుట్టినది. అమెరికాలోని జూనీ యను ఆదిమజాతివారు కొయ్యతో యుద్ధదేవతలను జెక్కి, కొండలపై నెండవానలకు వదలుదురు. అవి క్రమముగా శిథిలమగుటయే విధి. సేకర్తలు వానిని గొనిపోయి శాలలలో జక్కగా భద్రపఱచిరి. జూనీలు 1978నుండి వానిని మరల నడుగనారంభించిరి. డెన్వరు కళాప్రదర్శనశాల 1980లో దనయొద్దనున్నవానిని మరలనిచ్చెను. 1990లో నా దేశమున నిట్టి పవిత్రవస్తువులను దిరిగి యిచ్చుటకు జట్టమే యేర్పడెను. భద్రపఱచుట యెల్లచోట్లను బుణ్యము కాదనియు, వస్తువుయొక్క ధర్మము నెఱిగి దానిని నిలుపుటయో వదలుటయో నిర్ణయింపవలెననియు నందుమూలమున దేలినది. 2003లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానశాఖ పాటలు, తంతులు, కథనములు మొదలగు వానిని గూడ వారసత్వసంపదగా గుర్తించు నొడంబడికను చేసినది. భారతదేశము 2005లో దానిని స్థిరపఱచినది.

చీటియం దుండవలసినవి

తెలుగునాట దీనికి మేలైన దృష్టాంతములు లేకపోలేదు. హైదరాబాదున 1922లో నెలకొల్పబడి, పిదప కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన పరిశోధకమండలివారు ఊరూర దిరిగి శాసనముల ప్రతులెత్తి, 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించిరి. వారు ఱాళ్లను నగరమునకు దరలింప గోరలేదు. పాఠమును ఎత్తి వ్రాసిరి. ఱాయి యే యూర, ఏ గుడియొద్ద, ఏ వైపున నున్నదో గుఱుతించిరి. తరువాత ఱాయి పగిలినను బాఠము నిలుచును. పడిగెకును నట్టి మర్యాదయే తగును.

అందులకు వలయునవి పెక్కులు గావు. పడిగె యే గట్టుదో, ఏ యింటిపేరుదో, వేల్పు పేరేమో తొలుత వ్రాయవలెను. పల్లె పేరుతో బాటు సీమ చూచిన పరిపాలనములన్నిటి పేరులును వరుసగా నుండవలెను. అప్పుడు మద్రాసులోని చీటియు, హైదరాబాదులోని చీటియు, భద్రాచలములోని చీటియు నొకదానితో నొకటి మాటలాడగలవు. డోలీ పాడిన గాథ కోయభాషయందే ధ్వనిముద్రితమై, తెలుగు తాత్పర్యముతో గూడ వస్తుసంఖ్యక్రిందనే చేరవలెను. గాయకుని పేరును, పాడిన తేదియు నందుండవలెను. బొమ్మలకు సంఖ్య లిచ్చి, ఏ బొమ్మ గాథలోని యే ఘట్టమో సూచింపవలెను. వేల్పుకాపరుల యనుమతి యెంతవఱకో వ్రాతమూలకముగా నుండవలెను. ఎల్లరకు జూపగూడనిది గలదేని దాని నఱలోనే యుంచి, ప్రతిని జూపవలెను. ప్రతిని జూపుట వంచన కాదు. వంశమువారి దృష్టిలో బ్రతియు వేల్పే గదా.

కడపటి దొకటి గలదు. అది భద్రాచల దేవాలయమే నేర్పుచున్నది. చింతాకుపతకము భాండాగారమున నున్నది. నవమినాడు సీతమ్మ మేననున్నది. తాళము వేసినవారే తాళము తీయుదురు. అట్లే ప్రదర్శనశాలకు జేరిన పడిగె, ఆ గట్టువారు కొలుపు చేసికొనునపుడు లెక్కప్రకారము వెలికి వచ్చి, ఏటికి బోయి, డోలు మ్రోతలో నిలిచి, మరల లెక్కప్రకారము లోనికి జేరుట కేర్పా టుండవలెను. వన్నె కొంత తఱుగవచ్చును. తఱిగిన వన్నెను క్రొత్తగుడ్డపై మరల దీర్పవచ్చును. పాట మఱచిపోయినచో దానిని దీర్చుటకు గుడ్డ దొరకదు.

రామదాసు నగలకు గీర్తనయే పట్టిక యైనట్లు, పడిగెకు డోలీపాటయే పట్టిక. ఒక సీమలో నగరపు భక్తుడును, అడవి గాయకుడును దమ వస్తువులను బాటతోనే లెక్కవ్రాసికొనిరి. ఆ సీమలో వెలసిన ప్రదర్శనశాల తన చేర్పుపుస్తకమున పాటకొక గడి యుంచుకొనుట యుచితము. అది యుంచిననాడు అఱలోని వస్తువు వెలికి వచ్చినప్పుడెల్ల దన పేరును దానే చెప్పుకొనగలదు.